గోడ మీద ఖాళీ జాగా

గ్లోరీకి తన అత్తగారి మీద ఒక ఫిర్యాదు ఉంది. చెబితే నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. బేబీగారు కోడల్ని ఆరళ్ళు పెట్టరు. కూరలో ఉప్పు తక్కువైతే తానే లేచి వేసుకుంటారు. ఆవిడకున్న దుర్గుణమల్లా ఒక్కటే, క్షమించేయడం. పాలల్లో నీళ్ళు కలిపేవాణ్ణి క్షమిస్తారు. గొడుగు పట్టుకెళ్ళి రెండు వానాకాలాలు దాటినా తిరిగివ్వని పక్కింటావిణ్ణి క్షమిస్తారు. అంతవరకూ అది ఆవిడ సొంత వ్యవహారం. కోడలి శత్రువుల్ని కూడా ఆవిడే క్షమించేస్తే ఇంక కోడలికి మిగిలేదేమిటి?

మూడు నెలల క్రితం గ్లోరీ కంచం ముందు కూర్చుని ఏడుస్తూ స్టాన్లీ అన్న పేరు ఒక్కసారి పైకి అంది. ఆ రోజు నుంచి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, జబ్బుపడ్డవాళ్ళకీ పరీక్షలు రాసేవాళ్ళకీ మధ్యన, స్టాన్లీకి ఒక వాక్యం ఖాయమైపోయింది. "ప్రభువా, ఆ స్టాన్లీ బాబుని దీవించు, వాడి మనసు మెత్తబరచు." చివర అందరితోపాటు గ్లోరీ కూడా ఆమెన్ అనాలి. తొంభై రోజులు, తొంభై ఆమెన్లు. పగ పెంచుకునే మనిషికి ఇల్లు ఇంత అననుకూలంగా ఉంటే ఎలా?

"అత్తయ్యా, ఆయన పేరు ఇంక తీసేయండి. ఆయన బాగానే ఉన్నాడు. నాకంటే బాగున్నాడు," అంది ఆ ఉదయం బయల్దేరబోతూ.

"అయితే ప్రార్థన పనిచేస్తన్నాదన్నమాట," అని బేబీగారు ఎంతో సంతోషించారు.

కిందటి వారాలు చదివినవారికి సంగతి తెలుసు. తెలియనివారికి రెండు ముక్కలు. విజయనగరంలో ఒక మిఠాయి కొట్టు మేడ మీదున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో గ్లోరీ టెస్టరు. అంటే మిగతావాళ్ళు కట్టిన ప్రోగ్రాం ఎక్కడ విరుగుతుందో తానే ముందు విరిచి చూసే మనిషి. ఆ టీంకి లీడు స్టాన్లీ. భోగాపురం వైపు ఒక రేవులో పడవల సంఘానికి వాళ్ళొక యాప్ చేసిచ్చారు. పడవ వేటకి వెళ్ళేటప్పుడొకసారి, వచ్చాక ఒకసారి సంఘం గుమాస్తా ఫోనులో నొక్కాలి. పడవ రాకపోతే ఆ ఇంటికి మెసేజి వెళుతుంది. యాప్ మొదలెట్టిన మర్నాడు తెల్లవారుజామునే నలభై ఒక్క ఇళ్ళకి "మీ పడవ తిరిగి రాలేదు" అని మెసేజి వెళ్ళింది. ఆ వేళకి నలభై ఒక్క పడవలూ ఇసుక మీదే ఉన్నాయి. వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ ఒకటే అయితేనే వచ్చినట్టు ప్రోగ్రాం లెక్క. మనం ఆఫీసుకెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చినట్టే పడవలు కూడా వస్తాయని మేడ మీద కూర్చున్నవాళ్ళు అనుకున్నారు. ఆ రేవు పడవలు సాయంత్రం వెళ్ళి మర్నాడు తెల్లారి వస్తాయి.

తర్వాత జరిగిన మీటింగులో స్టాన్లీ గొంతు సవరించుకుని, "టెస్టింగులో పట్టుకోకపోవడం జరిగింది," అన్నాడు. తలలన్నీ గ్లోరీ వైపు తిరిగాయి. మర్నాటికి ఆమె బల్ల మీద కంప్యూటరు పోయి టెలిఫోను వచ్చింది. ఆ నలభై ఒక్క ఇళ్ళవాళ్ళూ తిట్టడానికి చేసే ఫోన్లు ఎత్తడం ఆమె కొత్త ఉద్యోగం.

ఆ మీటింగుని రెట్రో అంటారు. రెండు వారాలు పనిచేసి, అందరూ కూర్చుని, ఏది బాగా కుదిరింది, ఏది చెడింది, ఈసారి ఏం మార్చుకుందాం అని చెప్పుకోవడం. పెళ్ళివారు వెళ్ళిపోయాక వంటింట్లో ఆడవాళ్ళం కాళ్ళు చాపుకుని చేసే పనే ఇది. కాకపోతే వీళ్ళు బోర్డు పెట్టి చేస్తారు.

రెట్రో నడిపే అమ్మాయి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. వైజాగ్ నుంచి మేనేజరు అరుణశ్రీ ఫోన్ చేసింది. "ఈసారి నువ్వు నడుపు గ్లోరీ. టీంలో ఖాళీగా ఉన్నది నువ్వే కదా. సంఘంవాళ్ళు రెండో రేవుకి కూడా యాప్ అడుగుతున్నారు. కానీ అప్పుడు తప్పు చేసిన మనిషి టీంలో ఉండకూడదట. ఇప్పటిదాకా ఆ మనిషివి నువ్వే. కాదంటున్నావు కాబట్టి చూపించు. మీటింగు అయ్యేసరికి నాకొక పేరు కావాలి. నీదో, స్టాన్లీదో."

గ్లోరీ వారం రోజులు చదివింది. పొయ్యి మీద చారు పొంగిపోతున్నా ఫోనులోంచి తల ఎత్తలేదు. ఎవరు చేశారని అడక్కూడదు, ఏం జరిగిందని అడగాలి. మాట్లాడేముందు అందరూ చీటీల మీద రాయాలి, లేకపోతే గొంతున్నవాడిదే మీటింగు. నోరు విప్పనివాళ్ళతో ముందు చెప్పించాలి. ఒక్కొక్క జవాబుకీ ఎందుకు అని అడుగుతూ అయిదుసార్లు దిగితే అడుగు తగులుతుంది. చదివినకొద్దీ ఆమెకి ఉత్సాహం వచ్చింది. పోలీసులు లాఠీతో చేసే పనిని వీళ్ళు పసుప్పచ్చ చీటీలతో చేస్తారన్నమాట! అదీ కేకులు తినిపించి మరీ.

ఆమె చేతిసంచిలో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది. మూడు నెలలుగా ఉంది. దాన్ని తీసే ఘడియ ఈ రోజే అనుకుంది.

* * *

మీటింగు గదిలో గోడ పొడవునా తెల్ల కాగితం అంటించి, ఆ పాడు వారం సోమవారం నుంచి శనివారం తెల్లవారుజాము వరకూ గీతలు గీసింది. పక్కన పెద్ద అక్షరాలతో ఒక అట్ట: "అప్పటికి తెలిసినంతలో అందరూ చేతనైనంత మంచిగానే చేశారని నమ్ముదాం. పేర్లు వద్దు." ఆ అట్ట రాసేటప్పుడు పళ్ళు ఎంత గట్టిగా బిగించిందో, సాయంత్రం దాకా దవడ నొప్పి.

స్టాన్లీ వచ్చి అట్ట చదివి చిరునవ్వు నవ్వాడు. "చాలా బాగా రాశారు గ్లోరీ సిస్టర్," అన్నాడు. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆదివారాలు అతను క్వయర్లో బొంగురు గొంతుతో పాడుతూంటే గ్లోరీ పాటల పుస్తకంలో తల దూర్చుకుంటుంది. అరుణశ్రీ మూల కుర్చీలో కూర్చుని, పేరు రాయడానికి ఒక ఫారం, పెన్నూ ఒళ్ళో పెట్టుకుంది. ప్రోగ్రాం రాసే వెంకీ, మిగిలిన ముగ్గురూ సర్దుకున్నారు.

"మొదలుపెడదామా?" అంది అరుణశ్రీ.

"ఇంకొకరు రావాలి మేడం."

చెప్పులు మెట్ల కింద విడిచేసి, చెంగు దోపుకుంటూ వచ్చిందామె. యాభై దాటిన మనిషి. గదిలో చల్లటి గాలి తగలగానే, "ఓలమ్మ, ఐసు పెట్టిలో కూకున్నారేటి!" అంది. రేవులో చేపలమ్మే ఆడవాళ్ళకి పెద్ద, లక్ష్మణమ్మ. ఫోనులో గ్లోరీని మొదటి నెల తిట్టింది, రెండో నెల యోగక్షేమాలు అడిగింది, మూడో నెల పీతలు పంపింది.

స్టాన్లీ చిరునవ్వు తగ్గింది. "కస్టమర్ని రెట్రోకి పిలవడం..." అని మేనేజరు వైపు చూశాడు.

"మెసేజి అందుకున్నవాళ్ళకి ఏం జరిగిందో మనకెవరికీ తెలీదు కదండీ. గోడ మీద శనివారం గడి వాళ్ళే నింపాలి," అంది గ్లోరీ తేనె లాంటి గొంతుతో.

లక్ష్మణమ్మ కూర్చోబోతూ ఆగిపోయింది. "ఒరే! నువ్వు మా కూర్మయ్యన్న కొడుకువి కావేట్రా? ఎంకటేసూ! కంపినీలో ఉజ్జోగమన్నారు గానీ, ఈ కంపినీయేనేటి? అత్తని సూసి లెగవ్వేట్రా!"

వెంకీ లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆఫీసులో అందరికీ తెలిసినంత వరకూ అతనిది వైజాగ్, వాళ్ళ నాన్న ఫిషరీస్ డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యారు. పక్కనున్నవాడు, "ఓహో, ఇదా డిపార్టుమెంటు," అని గొణిగాడు. గ్లోరీకి అదంతా అడ్డుగా అనిపించింది. ఆమె కళ్ళు స్టాన్లీ మీద తప్ప ఇంకెక్కడా లేవు. "తర్వాత మాట్లాడుకోండి," అని చీటీలు పంచేసింది.

పావుగంట సేపు రాత పనే. ఎవరికి వారు తాము చేసిన పనులు రాసి గోడకి అంటించారు. సోమవారం నిండింది. మంగళ, బుధ కిక్కిరిసిపోయాయి. శుక్రవారం సాయంత్రం యాప్ పంపించిన గడిలో చప్పట్ల బొమ్మలు కూడా వేశారు. శనివారం గడిలో లక్ష్మణమ్మ చెబుతూంటే గ్లోరీ రాసింది.

"రాయి. నాకు సదువు రాదు, మా పక్కింటి పిల్ల సదివింది. సదివీసరికి కాళ్ళు ఇరిగిపోనాయి. ఈదంతా ఆడోలు రేవుకి పరుగే పరుగు. ఈడి అమ్మ కూడా పరిగెట్టింది." వెంకీ వైపు చెయ్యి చూపింది. "దేముడమ్మ ముసిల్ది దార్లోనే రెండు సేతులూ రాయికేసి కొట్టీసుకుని గాజులు పగలగొట్టీసుకుంది. తీరా ఎల్లి సూస్తే దాని మొగుడు ఇసకలో కూకుని సుట్ట కాలుస్తన్నాడు! నవ్వకండి. మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టుకున్న మనిసని దాన్ని ఇప్పటికీ ఒక్క పేరంటానికి పిలవరు. అదీ రాయి."

నవ్వబోయినవాళ్ళు మానేశారు. ఫోనులో ఈ మాట విన్న రోజున గ్లోరీ బాత్రూంలోకెళ్ళి ఏడ్చింది. ఇప్పుడు ఏడవలేదు. స్టాన్లీ మెడ దగ్గర పట్టిన చెమట చూస్తోంది.

"గోడ చూడండి," అంది. "ఎక్కడైనా ఖాళీ కనబడుతోందా?"

అందరికీ కనబడింది. అన్ని గడుల్లోనూ చీటీలు కోడిఈకల్లా రెపరెపలాడుతూంటే, గురువారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకూ తెల్లగా ఉంది. గ్లోరీ మనసులో అంకెలు మొదలుపెట్టింది. మీటింగు నడిపేవాళ్ళు ప్రశ్న అడిగి పదిదాకా లెక్కపెట్టుకోవాలని చదివింది. ఆమె ముప్పై దాకా పెట్టింది. ఒక్కొక్క అంకె ఒక్కొక్క పంచదార పలుకు.

చివరికి స్టాన్లీయే దగ్గాడు. "ఆ టైంలో... ఒక టెస్టు విషయం చర్చకి రావడం జరిగింది. తర్వాత చేద్దామని అనుకోవడం జరిగింది."

"జరగడం జరిగిందేటి బాబూ?" లక్ష్మణమ్మకి అర్థం కాలేదు. "ఆన కురిసిందా, తుపానొచ్చిందా, దానంతటదే జరిగిపోడానికి? ఎవుడో ఒకడు ఒద్దంటేనే కదా ఆగుతాది! ఎవుడొద్దన్నాడు?"

"పేర్లు చెప్పకూడదండీ, రూలు," అని స్టాన్లీ అట్ట చూపించాడు. తన రాతే తనకి అడ్డుగోడ అయ్యేసరికి గ్లోరీకి ఒళ్ళు మండింది. సంచిలోంచి కాగితం తీసింది. మడతల దగ్గర చిరుగులు పట్టిన ఆ కాగితాన్ని విప్పి, గురువారం ఖాళీ మీద నాలుగు మూలలా టేపు వేసి అంటించింది. తొందర లేకుండా, పెళ్ళిపందిరికి తోరణం కట్టినంత శ్రద్ధగా.

అందులో రెండే వాక్యాలు. రెండూ ఆ గురువారం మధ్యాహ్నం ఆఫీసు చాటింగులోవి. మొదటిది: "పడవలు ఎప్పుడొస్తాయో రేవుకెళ్ళి చూసొస్తాను, ఒక్క రోజు ఇవ్వండి." రెండోది: "అక్కర్లేదు. కనుక్కున్నాను." పేర్లున్నచోట నల్ల సిరా పూసి ఉంది. పూయడం వల్ల అవి మరీ బాగా తెలుస్తున్నాయి.

అరుణశ్రీ కుర్చీ ముందుకి లాక్కుంది. "ఇది అప్పుడే ఎందుకు చూపించలేదు?"

"అప్పుడు నన్నెవరూ ఏం జరిగిందని అడగలేదు మేడం. ఎవరు చేశారో చెప్పేశారు," అంది గ్లోరీ. తర్వాత స్టాన్లీ వైపు తిరిగింది. "ఎందుకు అక్కర్లేదన్నారు?"

"కనుక్కున్నాను కాబట్టి."

"కనుక్కున్నది సరైందని ఎందుకు నమ్మారు?"

"చెప్పినవాళ్ళు కళ్ళారా చూశామన్నారు. పడవలు పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాయని." స్టాన్లీ తలెత్తలేదు. "చెప్పిందెవరో మాత్రం అడక్కండి. నేను చెప్పను."

"ఎందుకు చెప్పరు?"

"చెబితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది. ఇంట్లో సంపాదించేది ఆ ఒక్కరే."

మూడు ఎందుకులు అయ్యాయి. గ్లోరీ గొంతులో తేనె అయిపోయింది. "మరి నా పేరు ఎందుకు చెప్పారు స్టాన్లీగారూ? నాకు ఉద్యోగం లేదా? పోకూడనిది కాదా?"

స్టాన్లీ ఇబ్బందిగా నవ్వాడు. ఎంతో మంచితనంతో, చర్చిలో పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "అలా కాదు సిస్టర్. మీకేం, మీవారు ఎజ్రా బ్రదర్‌ది రైల్వే ఉద్యోగం. మీరు కాలక్షేపానికి వస్తారు. మీ మీదికి పోతే మీరు తట్టుకుంటారు గానీ..."

గ్లోరీ చేతిలోని టేపు చుట్టని బల్ల మీద పెట్టేసింది.

అంటే అతనికి తెలుసు. తప్పు ఆమెది కాదని ఆ రోజే, ఆ మాట అంటున్నప్పుడే తెలుసు. మోయగలదని లెక్కవేసి మరీ ఆమె నెత్తిన పెట్టాడు. గ్లోరీకి ఈ మూడు నెలల కోపం చిన్నపిల్లల అలకలా కనబడింది. అసలు కోపం ఇప్పుడు వచ్చింది.

ఆమె నోరు తెరిచేలోపే లక్ష్మణమ్మ అందుకుంది. "ఓరి నీ తెలివి తగలెయ్యా! మొగుడికి ఉజ్జోగముంటే పెళ్ళానికి పరువుండదేటి? అయితే మా మొగుళ్ళు ఏటకెల్తన్నారని రేపు మా తట్టలు కూడా లాగీసుకుంతావేటి? నెల్లాళ్ళు ఈ పిల్లని నా నోటితో నేను తిట్టినాను బాబూ. నీకు పడవలసిన తిట్లు. ఇప్పుడు తిరిగి ఎలాగ తెచ్చుకోను నేను?"

స్టాన్లీ ముఖం పాలిపోయింది. అరుణశ్రీ పెన్ను మూత తీసింది. గ్లోరీ ఆ పెన్ను ములికిని చూస్తోంది. స్టా, న్లీ. రెండు అక్షరాలు కాగితం మీద పడితే చాలు. తొంభై ఆమెన్లకీ ప్రాయశ్చిత్తం.

"రాయకండి మేడం."

వెంకీ లేచి నుంచున్నాడు. గోడకేసి చూస్తున్నాడు గానీ ఎవరి మొహమూ చూడ్డంలేదు. "సార్‌కి చెప్పింది నేనే."

లక్ష్మణమ్మ చెంగు జారిపోయింది. "నువ్వేటి? ఒరే, తెల్లారగట్ల పడవలొస్తాయని నీకు తెల్దేట్రా? నీకు పాలిచ్చి పడుకోబెట్టీసి, తట్ట నెత్తిన ఎట్టుకుని ఏ ఏలకి ఎల్లీదిరా మీ అమ్మ?"

"తెలుసత్తా."

"తెలిసేనా?"

"ఎందుకు వెంకీ?" అంది గ్లోరీ. అది అయిదోది. లెక్క కోసం అడగలేదు, నిజంగానే అడిగింది.

అతను చీటీల కట్ట అంచు గోరుతో గీరాడు. "చేరిన మొదటి వారం అమ్మ కట్టిన కేరేజి తెచ్చినానక్కా. ఎండునెత్తళ్ళ పులుసు. మూత తీసేసరికి ఒకరు లేచెళ్ళి కిటికీ తెరిచి, ఎవరమ్మా ఇక్కడ రేవు తెరిచారు, అన్నారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వీసినాను. కేరేజి తీసుకెళ్ళి కింద కుక్కకి పెట్టీసినాను. అప్పటినుంచి మాది వైజాగే. సార్ పడవల సంగతి ఎవరికి తెలుసని అడిగినప్పుడు, మా నాన్నకి తెలుసని ఎలాగ చెప్పగలను? సాయంత్రం పూట బీచికి షికారొచ్చినోళ్ళకి పడవలన్నీ ఒడ్డు మీదే కనబడతాయి కదా. అలాంటోడిలాగ చెప్పీసినాను. పొద్దున్నెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాయి సార్, చూశాను, అన్నాను. ఆ మెసేజి మా ఇంటికీ ఎళ్ళింది."

లక్ష్మణమ్మ జారిన చెంగు భుజాన వేసుకుంది. మేనల్లుడి పక్కకెళ్ళి నుంచుంది.

గ్లోరీకి ఆ కిటికీ గుర్తొచ్చింది. రెక్క బిగుసుకుపోయి ఉంటే చేత్తో గట్టిగా గుద్దింది కూడా. ఆ మాట తనకే ఎంతో బాగుందనిపించి, ఇంటికెళ్ళి ఎజ్రాకి చెప్పి నవ్వించింది. వారం తిరక్కుండా మరిచిపోయింది.

"ఎవరన్నారు ఆ మాట?" అడిగింది అరుణశ్రీ. "ఇలాంటివి నేను ఊరుకోను. నాకు ఆ పేరు కూడా కావాలి."

వెంకీ తల అడ్డంగా ఊపాడు. "పేర్లొద్దని రాసి ఉంది కదా మేడం." గ్లోరీని చూడకుండా ఉండడానికి అతను పడుతున్న తంటా ఆమెకి తెలుస్తూనే ఉంది.

గదిలో ఆ పేరు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మధ్యాహ్నం అందరికంటే గట్టిగా నవ్వింది స్టాన్లీ. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఏమీ అనడు. అననక్కర్లేదు. ఊరికే గ్లోరీని చూస్తున్నాడు. ఆమె నోరు మూసుకుని, తన అందమైన అక్షరాల వెనక దాక్కుంటే చాలు, జీవితాంతం ఆదివారం ఆదివారం క్వయర్లోంచి అదే చూపు చూడొచ్చు. అతని పెదవి చివర అప్పుడే ఒక చిన్న కదలిక మొదలైంది.

గ్లోరీకి పశ్చాత్తాపం రాలేదని కాదు. వచ్చింది. కానీ కాళ్ళకి కదిలే బలమిచ్చింది మాత్రం అది కాదు. ఆ పెదవి పూర్తిగా కదలకూడదు. మూడు నెలల్లో ఈ మగమనిషి నోటికి రాని మాట, తాను మూడు నిమిషాల్లో, అతని కళ్ళెదుటే, అతనికంటే స్పష్టంగా అనాలి. అది విన్నాక అతను ఎక్కడ తల పెట్టుకుంటాడో చూడాలి.

ఆమె మేనేజరు కుర్చీ దగ్గరికి నడిచింది. ఫారం మీద ఖాళీగా ఉన్న గీత మీద వేలు పెట్టింది.

"ఇక్కడ రాసుకోండి మేడం, గ్లోరీ అని. కిటికీ తెరిచింది నేను, ఆ మాట అన్నదీ నేనే." వెనక్కి తిరిగింది. "వెంకీ, తప్పు చేశానురా."